50 మి.మీ. లిఫ్ట్ తర్వాత వి-క్రాస్ ఎడమకు గుంజుతున్నది, స్టీరింగ్ నడిమికి వస్తలేదు

ములుగురోడ్డు వి-క్రాస్

అన్నలకు నమస్తే. బండి ఇసుజు డీ-మ్యాక్స్ వి-క్రాస్, ఫోర్‌బైఫోర్. టైర్లు కంపెనీ సైజే, 255/60 ఆర్ 18. నాట్ల కాలంల పొలం బాటలు ట్రాక్టర్ గాడులతోటి లోతుపడి, ఇంజిన్ కింది ప్లేటు రాసుకుంటున్నదని లిఫ్ట్ చేయించిన. ముందు కొత్త కాయిల్ స్ప్రింగులు, షాకులతోటి 50 మిల్లీమీటర్లు. వెనక కమాన్ కట్టకు ఒక పట్టీ చేర్చి 40 మిల్లీమీటర్లు. పై కంట్రోల్ ఆర్మ్‌లు (చక్రాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే పై చేతులు) కంపెనీవే ఉన్నయి.

ఇప్పుడు గూడెప్పాడ్ దాటినంక హైవే మీద 80లో పోతుంటే బండి ఎడమకు గుంజుతున్నది. స్టీరింగ్ దిద్దుకుంటనే ఉండాలె. మూల తిప్పినంక అది తనంతట తాను నడిమికి వస్తలేదు, చేతితోటి తేవాలె. సక్కగ పోయేటప్పుడు స్టీరింగ్ వీల్ కుడికి దాదాపు 10 డిగ్రీలు వంగి ఉంటున్నది.

అలైన్‌మెంట్ కాయితం మీద ఉన్నది: ఎడమ కాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలుడు) +0.7, కాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలుడు) 0.9. కుడి కాంబర్ +0.4, కాస్టర్ 1.6. మొత్తం టో ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండుడు) 1 మిల్లీమీటర్. "టో ఆకుపచ్చలో ఉంది, మిగతావి ఈ బండికి దిద్దరావు" అన్నరు. నిజమేనా? పై ఆర్మ్‌లు మార్చాల్సిందేనా, లేకుంటే స్టీరింగ్ వీల్ ఊడదీసి ఒక పల్లు జరిపి పెట్టిస్తే సరిపోతదా?

కాజీపేట అలైన్‌మెంట్

మొదలు ఆఖరి ప్రశ్నకు: స్టీరింగ్ వీల్ ఊడదీయనీయకండి తమ్మీ. వీల్ ఒక పల్లు జరిపితే చూపుకు సక్కగ కనిపిస్తది గానీ, లోపల ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే అటూఇటూ జరిగే పళ్ల కడ్డీ) నడిమిలో ఉండదు. ఒక దిక్కు ఎక్కువ తిరుగుతది, ఇంకో దిక్కు తక్కువ. ఎయిర్‌బ్యాగ్ వైరు చుట్ట కూడా నడిమి తప్పుతది, ఒక దిక్కు ఫుల్ లాక్ తిప్పితే తెగే ప్రమాదం ఉన్నది. వీల్ వంకరను టై రాడ్ల (ర్యాక్ నుంచి చక్రాలకు పోయే కడ్డీల) దగ్గరనే తీయాలె, అదీ అన్నిటికంటే ఆఖరికి.

ఇక మీ కాయితమే అంతా చెప్తున్నది. బండి కాస్టర్ తక్కువున్న దిక్కుకు గుంజుతది, పాజిటివ్ కాంబర్ ఎక్కువున్న దిక్కుకూ గుంజుతది. మీకు రెండూ ఎడమ దిక్కే పడ్డయి. పైగా మన రోడ్ల వాలు ఎడమ అంచుకు ఉంటది. మూడూ ఒక్క దిక్కే కలిసినయి.

స్టీరింగ్ తిరిగి రాకపోవుడు కూడా కాస్టర్ సంగతే. పక్క నుంచి చూసినప్పుడు కింది బాల్ జాయింట్ కంటే పైది ఎంత వెనక్కి వాలి ఉన్నదో అదే కాస్టర్. సైకిల్ ముందు ఫోర్క్ వాలు అసొంటిదే. ఆ వాలు ఉంటేనే చక్రం తనంతట తాను సక్కగైతది. డబుల్ విష్‌బోన్ (చక్రానికి పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్ ఉండే) బండిని లేపితే ఆర్మ్‌లు కిందికి వాలుతయి. పై ఆర్మ్ పొట్టిది కాబట్టి దాని చివర లోపలికి ఎక్కువ వస్తదనుకుంటరు, కానీ ఉల్టా: మామూలు ఎత్తులో ఉన్నదానికంటే చక్రం పైభాగం బయటికి పోయి కాంబర్ పాజిటివ్ అయితది, ఈ బండ్ల ఆర్మ్ వాలును బట్టి కాస్టరూ పోతది. 50 మిల్లీమీటర్లకు ఒక డిగ్రీ, ఒకటిన్నర డిగ్రీ పోవుడు మామూలే. ఎంత పోయిందనేదానికంటే రెండు దిక్కుల మధ్య 0.7 తేడా ఉండుడే నాకు ఎక్కువ అనుమానంగ ఉన్నది. 0.5 దాటొద్దు.

"దిద్దరావు" అన్నమాట తప్పు. కింది ఆర్మ్ ఛాసిస్‌కు పట్టే చోట ముందొకటి, వెనకొకటి బోల్టులుంటయి. వాటి తల దగ్గర గీతలు కొట్టిన గుండ్రటి వాషర్ కనిపిస్తే అదే క్యామ్. ముందు క్యామ్‌తోటి ఆర్మ్‌ను లోపలికి, వెనక క్యామ్‌తోటి బయటికి జరిపితే కింది బాల్ జాయింట్ ముందుకు పోతది, కాస్టర్ పెరుగుతది. రెండూ కలిపి బయటికి జరిపితే కాంబర్ నెగటివ్ దిక్కు వస్తది. మీకు రెండూ కావాలె కాబట్టి ముందుది ఉన్నచోటనే ఉంచి, వెనకది బయటికి తిప్పుడుతోటి మొదలుపెట్టమనండి. టోను ముట్టకుండ ముందు ఇది చేయాలె. క్యామ్ కదిలిన ప్రతిసారి టో మారుతది కాబట్టి టో ఎప్పుడూ ఆఖరే.

కానీ క్యామ్ ముట్టకముందే ఒక పని చేయండి. సమతలం మీద బండి నిలబెట్టి, లోపల ఎవరూ లేకుండ, నాలుగు టైర్లల్ల గాలి సమానంగ పెట్టి, ప్రతి చక్రం హబ్ నడిమి నుంచి పైన ఫెండర్ అంచు దాక టేపు పట్టి కొలవండి. ఆ నాలుగు అంకెలు ఇక్కడ పెట్టండి. టైర్ కింది నుంచి కాదు, హబ్ నడిమి నుంచే. అప్పుడు టైర్ అరుగుదల, గాలి లెక్కలోకి రావు.

నర్సంపేట ఫోర్‌బైఫోర్

అన్న చెప్పినదానికి కొన్ని కలుపుతున్న.

కింది ఆర్మ్ బోల్టులు ఎక్కడ బిగించిండ్రో అడగండి. బండి లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా ఫైనల్ బిగింపు ఇస్తే, బుష్ రబ్బరు ఆ వేలాడిన కోణంలనే పట్టుకుంటది. నేల మీదికి దించగానే మెలితిరుగుతది, స్ప్రింగ్‌కు తోడు అది కూడ బండిని పైకి నెడుతది. కొన్ని రోజులకు రబ్బరు చినిగి బుష్ పోతది, ఎత్తు దిగుతది, చేయించిన అలైన్‌మెంట్ కూడ పోతది. ముందు చేతి బిగువు ఇచ్చి, బండి దించి, నాలుగుసార్లు ఊపి, మూడు నాలుగు మీటర్లు ముందుకు వెనక్కి నడిపి, చక్రాల మీద బరువు ఉండగనే టార్క్ రెంచ్‌తోటి మాన్యువల్ అంకెకు బిగించాలె. షాక్ కింది బోల్టు కూడ అట్లనే.

టై రాడ్ తిప్పేటప్పుడు చాలామంది మరిచేది ర్యాక్ బూట్. చిన్న క్లిప్ వదులు చేయకుండ రాడ్ తిప్పితే రబ్బరు బూట్ కూడ దానితోటి మెలిపడి మడతల దగ్గర చినుగుతది. మన నల్లరేగడి బురద ఆ చిరుగులకెల్లి లోపలికి పోయిందంటే ఒక్క వానకాలంలనే టై రాడ్ లోపలి జాయింట్ ఆడుడు మొదలైతది, ర్యాక్ మీద తుప్పు సీల్‌ను కోస్తది, ఆయిల్ కారుతది. క్లిప్ తీసి, రాడ్ మీద బూట్ కూసునే గాడిలో జర సిలికాన్ గ్రీజు పెట్టి తిప్పండి. అయినంక బూట్ మడతలు సమానంగ ఉన్నయా లేదా వేళ్లతోటి తడిమి చూడండి.

50 లిఫ్ట్‌కు బంప్ స్టీర్ (చక్రం పైకి కిందికి ఆడినప్పుడు తనంతట తాను పక్కకు తిరుగుడు) ఎంత పెరిగిందో కూడ చూడొచ్చు. కొత్త భాగమేమీ వంగలేదు, టై రాడ్ తన వంపులో ఇంకొంచెం నిటారు భాగంల పని చేస్తున్నదంతే. స్పీడ్ బ్రేకర్ మీద స్టీరింగ్ గట్టిగ పట్టుకొని పోతే బండి ముక్కు జర అటూఇటూ అంటే అదే. ర్యాక్ జరపొద్దు, వంచిన టై రాడ్లు వేయొద్దు. 50 దాకా ఓర్చుకోవచ్చు. 75, 100 కావాలంటే ఆర్మ్‌లు, డిఫరెన్షియల్ అన్నీ కలిపి దింపే బ్రాకెట్ కిట్ వేరే ఉంటది, అది ఇంకో లెక్క.

ఫోర్‌బైఫోర్ కాబట్టి ముందు చక్రం జాకీతోటి గాల్లోకి లేపి, స్టీరింగ్ రెండు దిక్కులా ఫుల్ లాక్ తిప్పి యాక్సిల్ బూట్ మడతలు ఒకదానికొకటి రాసుకుంటున్నయా, బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు బిగువుగ సాగుతున్నయా చూడండి. పై ఆర్మ్ కాయిల్‌కు తగిలిన మెరుపు గీత ఉంటే ఫోటో పెట్టండి.

ములుగురోడ్డు వి-క్రాస్

కొలిచిన అన్నా. ముందు ఎడమ 562, కుడి 550. వెనక రెండూ 590కి ఒకటి రెండు అటూఇటూ. బండిలో ఎవరూ లేరు, డీజిల్ సగం.

టై రాడ్ల మీద లాక్ నట్ అవతల కనిపించే చుట్లు ఎడమకు 17, కుడికి 15. కింది ఆర్మ్ దగ్గర గీతల వాషర్లు ఉన్నయి, నాలుగూ నడిమి గీత మీదనే ఉన్నయి, ఎవరూ ముట్టలే. బూట్లకు, హోస్‌లకు ఏం తగుల్తలేదు. స్ప్రింగుల మీద ఎడమ దానికి 'ఎల్', కుడి దానికి 'ఆర్' అని స్టిక్కర్ ఉన్నది, కాబట్టి సరిగ్గనే వేసినట్టు.

కాజీపేట అలైన్‌మెంట్

దొరికింది. స్టిక్కర్ చదివి వేసిండ్రు గానీ, ఆ కిట్ ఏ దేశం బండ్ల కోసం చేసిండ్రో చూడలేదు.

డ్రైవర్ దిక్కు బరువు ఎక్కువ కాబట్టి చాలా కిట్లలో ఆ దిక్కు స్ప్రింగ్ కొంచెం పొడుగు ఉంటది. స్టీరింగ్ ఎడమకు ఉండే దేశాల కోసం చేసిన కిట్ల 'ఎల్' అంటే డ్రైవర్ దిక్కు, పొడుగుది. మన బండ్లల్ల డ్రైవర్ కుడికి. పొడుగు స్ప్రింగ్ ఎడమ పడ్డది, అందుకే ఎడమ 12 మిల్లీమీటర్లు ఎక్కువ లేచింది, అందుకే ఆ దిక్కు కాంబర్ ఎక్కువ, కాస్టర్ తక్కువ. అంకెలన్నీ ఒక్క మాటే చెప్తున్నయి. స్ప్రింగులు విప్పి రెండూ నేల మీద పక్కపక్కన నిలబెట్టి, వట్టి పొడుగు టేపుతోటి కొలిచి, పొడుగుది కుడికి వేయించండి. స్టిక్కర్ కాదు, టేపు నమ్మాలె. కాయిల్ కింది తోక షాక్ పళ్లెంలోని గాడి మూలకు ఆనాలె, 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నా ఎత్తు తప్పుతది. స్ప్రింగ్ విప్పుడు మాత్రం దాన్ని నొక్కిపట్టే మంచి స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్నచోటనే. గొలుసులు, తాళ్లతోటి కట్టి విప్పే చోట నిలబడనే వద్దు, ఆ స్ప్రింగ్ ఎగిరితే మనిషి మిగలడు.

ఆ తర్వాత క్యామ్‌లు. పెట్టమని చెప్పవలసిన అంకెలు: కాంబర్ రెండు దిక్కులా 0 నుంచి -0.3 లోపల. కాస్టర్ 2 కంటే తక్కువ ఉండొద్దు, వస్తే 2.5 దాక. ఎడమ కాస్టర్ కుడి కంటే 0.2, 0.3 ఎక్కువ ఉంచండి. రోడ్డు వాలు ఎడమకు గుంజేదాన్ని అది ఆపుతది. క్యామ్ తిరుగుడు అయిపోయినా 2 రాకపోతే అప్పుడు కాస్టర్ కలిపి ఇచ్చే పై ఆర్మ్‌లు ఆలోచించాలె. అంతకుముందు ఆ ఖర్చు దండుగ.

ఇంకోటి, వెనక ఎత్తు కూడ కాస్టర్‌లోకి వస్తది. మీ బండి చక్రాల మధ్య దూరం 3095 మిల్లీమీటర్లు. వెనక భాగం ముందు కంటే 54 మిల్లీమీటర్లు లేస్తే సరిగ్గ ఒక డిగ్రీ కాస్టర్ పోతది, అంతే దిగితే ఒక డిగ్రీ కలుస్తది. అందుకే వెనక ఒక్క పట్టీ ఎక్కువ వేసి ముందు లేపని పికప్‌లు ఖాళీగ పోయేటప్పుడు తేలిపోతయి, లోడు వేస్తే సక్కగైతయి. మీరు అలైన్‌మెంట్‌కు పోయేటప్పుడు డబ్బాలో మామూలుగ ఎంత సామాను ఉంటదో అంతే వేసి తీసుకుపోండి.

టై రాడ్ల లెక్క: ఎడమ 17, కుడి 15 అంటే ర్యాక్ నడిమి తప్పింది, ఒక దిక్కు రాడ్ మాత్రమే తిప్పిండ్రు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్టీరింగ్ ఒక లాక్ నుంచి ఇంకో లాక్ దాక ఎన్ని చుట్లో లెక్కపెట్టి, అందుల సరిగ్గ సగం వెనక్కి తిప్పి, వీల్‌ను సీటుకు ఆనించి కట్టేయాలె. అప్పుడు పొడుగున్న ఎడమ రాడ్‌ను ఒక చుట్టు పొట్టి చేసి, కుడిదాన్ని ఒక చుట్టు పొడుగు చేస్తే రెండూ 16 అయితయి, మొత్తం టో మారదు, వీల్ నడిమికి వస్తది. చుట్టు మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లు, స్టీరింగ్ ఆర్మ్ 150 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక్క చుట్టు చక్రాన్ని 0.57 డిగ్రీ తిప్పుతది. స్టీరింగ్ నిష్పత్తి 18కి 1 అయితే వీల్ దగ్గర అది 10 డిగ్రీలు. మీరు చెప్పిన వంకర అంతే కదా. మీ టైర్ వ్యాసం మీద అదే చుట్టు 7.6 మిల్లీమీటర్ల టో, పావు చుట్టు అంటే దాదాపు 2. కాబట్టి ఆఖరి దిద్దుడు పావు చుట్టు కంటే పెద్దగ చేయనీయకండి, ప్రతిసారి రెండు దిక్కులా సమానంగ.

పరకాల జీపు

నడుమల అడుగుతున్న, ఏమనుకోవద్దు. ముందు కూడ కమాన్లు, రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలకు ఒకే ఇరుసు) ఉన్న పాత బండికి 75 మిల్లీమీటర్లు లేపితే ఇవే లెక్కలా? డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) అడ్డంగ ఎడమ చక్రం దాక పోతది. లేపినంక స్టీరింగ్ పావు చుట్టు పక్కకు పోయింది, గుంతల్ల కొట్టుకుంటున్నది.

కాజీపేట అలైన్‌మెంట్

వేరే లెక్క. మీ దగ్గర స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌తో పాటు లేచింది, యాక్సిల్ కిందనే ఉన్నది. డ్రాగ్ లింక్ వాలు పెరిగింది.

లింక్ 900 మిల్లీమీటర్లు, ముందు 100 వాలుతోటి ఉన్నదనుకోండి. అడ్డం కొలత 894. లేపినంక వాలు 175, అడ్డం కొలత 883. ఆ 11 మిల్లీమీటర్ల తేడా చక్రాన్నైనా తిప్పాలె, స్టీరింగ్‌నైనా తిప్పాలె. అదే మీ పావు చుట్టు. దీన్ని డ్రాగ్ లింక్ స్లీవ్ తిప్పి పొడుగు చేసి తీయొచ్చు. టై రాడ్ ముట్టొద్దు. గుంతల కొట్టుడు మాత్రం స్లీవ్‌తోటి పోదు. ఇదివరకు చక్రం 50 మిల్లీమీటర్లు లేస్తే లింక్ 4 మిల్లీమీటర్లు నెట్టేది, ఇప్పుడు అదే 50కి 8.5 నెడుతున్నది. రెట్టింపు. దానికి మందు డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ నుంచి లింక్‌ను నెట్టే చేయి, ఇంకా కిందికి వంగి ఉండేది), లేకపోతే చక్రం దిక్కు స్టీరింగ్ ఆర్మ్‌ను పైకి లేపుడు. లింక్ మళ్లీ పాత వాలుకు రావాలె. డ్రాప్ ఆర్మ్ పొడుగు వల్ల బాక్స్ షాఫ్ట్ మీద బరువు పెరుగుతది, కాబట్టి ముందు బాక్స్ ఛాసిస్‌కు పట్టే చోట పగుళ్లు ఉన్నయా చూసి వేయండి. పిట్‌మన్ ఆర్మ్‌ను వేడిచేసి వంచే పని ఎవరైనా చెప్తే ఒప్పుకోకండి. అది విరిగితే స్టీరింగే ఉండదు.

కాస్టర్ కోసం కమాన్‌కు, యాక్సిల్ పళ్లెంకు మధ్య వెడ్జ్ ముక్క వేస్తరు, 2 లేదా 4 డిగ్రీలది. కమాన్ యాక్సిల్ పైన ఉంటే వెడ్జ్ మందం దిక్కు వెనకకు, కమాన్ యాక్సిల్ కింద ఉంటే మందం దిక్కు ముందుకు. ఉల్టా వేస్తే ఉన్న కాస్టర్ కూడ పోతది, 60 దాటంగనే ముందు చక్రాలు గజగజ వణుకుతయి. స్టీలు వెడ్జే తీసుకోండి, అల్యూమినియంది యూ-బోల్ట్ బిగువుకు నలిగి వదులైతది. పాత యూ-బోల్టులు మళ్లీ వాడొద్దు, అవి ఒకసారి సాగినయి. షాకిల్ (కమాన్ చివరను ఛాసిస్‌కు కలిపే ఊగే పట్టీ) కమాన్‌కు ముందు దిక్కు ఉంటే పొడుగు షాకిల్‌తోటి లేపొద్దు, అది నేరుగ కాస్టర్ తింటది.

హన్మకొండ వర్క్‌షాప్

ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు తేడా పడేటట్టు బండిని మార్చొద్దు, 2019లో సవరించిన 182ఎ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాక జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రమాదం అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు కూడ అడ్డం పడుతది. రవాణా ఆఫీసులో, ఇన్సూరెన్స్ దగ్గర రాతపూర్వకంగ అడిగి పెట్టుకోండి. కంపెనీ స్ప్రింగులు, షాకులు పారేయకుండ దాచండి.

ములుగురోడ్డు వి-క్రాస్

అందరికీ చెప్తున్న, అయిపోయింది. స్ప్రింగులు విప్పితే 'ఎల్' అన్నది 6 మిల్లీమీటర్లు పొడుగు ఉన్నది. మార్చినంక ఎత్తు ఎడమ 554, కుడి 558. వెనక క్యామ్‌లు బయటికి తిప్పి, బరువు మీద బిగించిండ్రు. కాయితం: కాంబర్ ఎడమ -0.1, కుడి 0.0. కాస్టర్ ఎడమ 2.4, కుడి 2.1. టో ఇన్ 1.5 మిల్లీమీటర్లు, రాడ్లు రెండూ 16 చుట్లు. ఎడమకు గుంజుడు పోయింది, మూల తిప్పి వదిలితే వీల్ మూడు వంతులు తనే వస్తున్నది. స్ప్రింగులు కూసునేదాక మళ్లీ ఎప్పుడు చూపించాలె? ప్రతిసారి మిషన్ దగ్గరికే పోవాల్నా?

నర్సంపేట ఫోర్‌బైఫోర్

100 కిలోమీటర్లకు బోల్టులన్నీ ఒకసారి టార్క్ చూడండి, క్యామ్ గీతల మీద ఇప్పుడే తెల్ల పెయింట్ చుక్క పెట్టండి, జరిగితే వెంటనే కనిపిస్తది. 500 దాటినంక మిషన్ మీద మళ్లీ ఒకసారి.

నడుమల టో మటుకు ఇంటి ముందే చూసుకోవచ్చు. జాకీ మీద ముందు చక్రం తిప్పుతూ, ట్రెడ్ నడిమి బద్ద మీద సుద్ద పూసి, దాని మీద మేకు ఆనించి సన్న గీత గీయండి, రెండు చక్రాలకూ. బండి దించి నాలుగు మీటర్లు ముందుకు నెట్టండి, బ్రేక్ కొట్టొద్దు. గీత మీద హబ్ ఎత్తులో ముందు దిక్కు ఒక చుక్క పెట్టి, ఇద్దరు టేపు పట్టి ఎడమ గీత నుంచి కుడి గీత దాక కొలవండి. బండిని అర చుట్టు ముందుకు నెడితే అవే చుక్కలు వెనక దిక్కు అదే ఎత్తుకు వస్తయి. మళ్లీ కొలవండి. వెనక కొలత 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే టో ఇన్ సరిగ్గున్నట్టే. వెనక్కి నెట్టి కొలిస్తే అంకె తప్పొస్తది, ముందుకే నెట్టాలె.

టైర్‌ను నెలకోసారి అరచేత్తో అడ్డంగ తడమండి. లోపలి నుంచి బయటికి రాసినప్పుడు గీరుకొని, బయటి నుంచి లోపలికి నున్నగ పోతే టో ఇన్ ఎక్కువైనట్టు. అది ఉల్టా ఉంటే టో అవుట్. లోపలి అంచు ఒక్కటే అరిగితే మళ్లీ కాంబర్, టో రెండూ చూపించండి.

ఈఎస్‌సీ (బండి జారకుండ తనే బ్రేకులు పట్టే ఏర్పాటు) ఉన్న మోడల్ అయితే స్కానర్ పెట్టి స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను కొత్త నడిమికి సెట్ చేయించండి, లేకపోతే తడి రోడ్డు మీద అది అక్కర లేని చోట బ్రేక్ పట్టొచ్చు. హెడ్‌లైట్ల ఎత్తు కూడ దింపించండి. ముందు భాగం లేచింది కాబట్టి లో బీమ్ ఎదురు బండోళ్ల కండ్లల్ల కొడుతది.